అర్సెన్ అవ్వ కొన్న మనిషి

న్యూ ఆర్లీన్స్, అక్టోబరు 19

నానమ్మా, నేను క్షేమం. నవల కూడా గండం గట్టెక్కింది.

మన అర్సెన్ అవ్వ బానిసత్వం నుంచి బయటపడ్డాక ఫెలోనీజ్ అనే బానిసను కొన్నదని పాత క్రయపత్రంలో చూసి, నవలలో అలాగే రాస్తానన్నాను. "రాస్తే నా గుమ్మం తొక్కకు" అన్నావు. నిన్న చర్చిలో అవ్వ బాప్తిస్మం పుట దొరికింది. తండ్రి గడి ఖాళీ. అవ్వను కన్న తెల్లదొర మహా సిగ్గరి కాబోలు.

రికార్డులు చూసే క్లోటిల్డ్ గారు నా భుజం మీంచి తొంగిచూశారు. "ఖాళీ గడిని గుడ్లప్పగించి చూస్తావేం అబ్బాయ్, తల్లి పేరు చదువు."

"ఫెలోనీజ్" అన్నాను.

"మరి? తల్లిని విడిపించడానికి చట్టం ఒప్పుకోలేదు. ఇంకెవడూ అమ్మెయ్యకుండా కూతురే కొనుక్కుంది. మీ కాలేజీలో ఇది చెప్పలేదా?"

నా డిగ్రీ సిగ్గుతో తల దించుకుంది. మూడు అధ్యాయాలు చింపేశాను. ప్రాణం తేలికపడింది.

ఎండు రొయ్యలు పంపు. కోళ్ళను నక్క ఇంకా వదల్లేదా? అత్తకు దండాలు, పిల్లలకు ముద్దులు.

నవంబరు ఒకటిన పరిశుద్ధుల పండుగకి మనవాళ్ళ సమాధులకు సున్నం వేయిస్తావుగా, అర్సెన్ అవ్వ పక్కనున్న పేరులేని దానికి రెండు పూతలు వేయించు. పేరు నేనొచ్చి రాస్తాను.

నీ మనవడు,
వాల్మోర్