సాయిబాబు బెండు

గిలకలదిండి,
17-10-2002, గురువారం.

బావ నరసింహానికి,

కోటిలింగం నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదట రాయాలి కాబట్టి రాశాను. అది ఎంతవరకు నిజమో చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది. గుడివాడలో నువ్వూ చెల్లెమ్మా బాగున్నారని తలుస్తాను. మీ తమ్ముడి బియ్యం కొట్లో కూర్చుంటున్నావని తాతారావు చెప్పాడు. ఆ వాసన నీకు పడుతోందా? నీ చొక్కాలకి ఎప్పుడూ తారు వాసనే ఉండేది.

నాకు ఉత్తరాలు రాయడం రాదు. ఐదో క్లాసు దాకా నీ పక్కనే కూర్చున్నాను, అక్కడా నువ్వే మాట్లాడేవాడివి. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు మూడుసార్లు లేచి హార్బరు దాకా వెళ్లొచ్చాను. ఉత్తరం రాస్తున్నావా, వల అల్లుతున్నావా, పొద్దుటి నుంచీ ఒక వరస కూడా అవలేదు అని మా ఇంటిది రాఘవమ్మ ఎగతాళి చేస్తోంది.

వచ్చే సోమవారం నువ్వొచ్చి నీ వలల కొట్టుని, వ్యానులో వలలు తెచ్చి అమ్మే ఆ కంపెనీ వాళ్లకి గోడౌను కింద రాసిచ్చేస్తావని విన్నాను. అందుకే ఈ తొందర. సంతకం పెట్టేలోపు నీకొక సంగతి తెలియాలి. సాయిబాబు సంగతి. భయపడకు, మనిషి ఉన్నాడు. వరసగా చెప్తాను.

పోయిన శుక్రవారం సాయిబాబు, అంకమ్మరావు వేటకి వెళ్లారు. శనివారం మధ్యాహ్నానికి రావాలి. రాలేదు. రాలేదని కూడా ఎవరికీ తెలియలేదు. సాయిబాబు భార్య వీరదుర్గ మంగినపూడిలో పుట్టింట్లో ఉంది. అంకమ్మరావుకి నా అనేవాళ్లు లేరు. చేపలు నాగాయలంక వైపు అమ్ముకుంటున్నారేమో అని పక్క పడవల వాళ్లు అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆదివారం గాలి మళ్లింది. రేవులో ప్రమాద జెండా ఎగరేశారు. అప్పుడు కూడా ఎవరికీ తట్టలేదు. సోమవారం పొద్దున వీరదుర్గ ఆటో దిగి, మావయ్యా, ఆయన ఇంట్లో లేరు, వేట నుంచి వచ్చారా అని నన్నడిగింది. కాళ్లు వాటంతటవే నీ కొట్టు వైపు నడిచాయి. తాళం చూశాక గాని నువ్వు కొట్టు మూసేశావని గుర్తు రాలేదు.

తలుపు వెనక మేకుల చెక్క ఉండేది కదా. వేటకి వెళ్లేవాడు నీ దగ్గర దారమో తాడో తీసుకుని, తన గుర్తు చెక్కిన బెండు ఒకటి అక్కడ తగిలించి వెళ్లేవాడు. వల తేలడానికి కట్టే ముక్క, దానికేం విలువ. తిరిగొచ్చాక నీ చేతి మీదుగా తీసుకునేవాడు. గాలి మారితే నువ్వు ఆ చెక్క వంక ఒకసారి చూసి, ఇంకా నీళ్ల మీద ఎవరెవరు ఉన్నారో చెప్పేసేవాడివి. పెద్ద ఉప్పెన ఏడాది మీ నాన్న దాని ముందు రెండు రోజులు అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. మనిద్దరం చూశాం.

వ్యాను వాడికి అలాంటి చెక్క లేదు. వాడి తప్పు కాదు. మంగళవారం వస్తాడు, అమ్ముకుని వెళ్తాడు. మన పేర్లు వాడికెందుకు.

నాలుగు పడవలు వెతకడానికి వెళ్లాయి. ఎటు వెళ్లాలో తెలియదు. నువ్వుంటే, ఏ వైపురా అని అడిగి గాని దారం కోసేవాడివి కాదు. మంగళవారం సాయంత్రం హంసలదీవి దగ్గర దొరికారు. మోటారు ఆగిపోయి కొట్టుకుపోయారు. తాగే నీళ్లు అయిపోయి రెండు రోజులైంది. అంకమ్మరావు బందరు ఆసుపత్రిలో ఉన్నాడు. నిన్ననే కళ్లు తెరిచాడు. నాలుక ఇంకా తిరగడం లేదు.

శుక్రవారం పొద్దున.

నిన్న ఇక్కడ ఆపేసి ఆసుపత్రికి వెళ్లాను. కూర్చోలేకపోయాను. మీ అరుగు మీది రావమ్మ కూడా వచ్చింది. నీ అరుగు మీద కూర్చుని వలలు బాగుచేసిన ఆరుగురు ఆడవాళ్లూ ఇప్పుడు ఆటో ఎక్కి బంటుమిల్లి వైపు రొయ్యల షెడ్లకి వెళ్తున్నారు. వ్యాను వల చిరిగితే బాగుచేసేదేం లేదంట, పారేసి కొత్తది కొనుక్కోమంటారంట. రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్లు చూడు బాబాయ్, వలకన్నా ఎక్కువ కన్నాలు పడ్డాయి అని రావమ్మ నవ్వింది. దానియేలు టీ బండి ఎత్తేశాడు. అరుగు మీద మనుషులుంటే కదా టీ. పాయలో వెయ్యడానికి చిన్న కన్ను వల కావాలని వ్యాను వాణ్ణి అడిగితే వచ్చే వారం తెస్తానంటాడు. వచ్చే వారం తెచ్చేదీ పెద్ద కన్నే.

వ్యాను వాడి సరుకు చవకే, కాదనను. కానీ సాయిబాబు మోటారు నెల రోజులుగా దగ్గుతోందంట. నీ అరుగు ఉంటే ఎవడో ఒకడు ఆ మాట అని ఉండేవాడు. నువ్వు వినేవాడివి. నాలుగు తిట్టి వాణ్ణి ఒడ్డునే ఆపేవాడివి.

నువ్వు తాళం వేసిన రోజు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. రోజూ నేనొచ్చి ఒక దారపు ఉండ కొనేదాకా ఇంకెవరికీ సరుకు ఇచ్చేవాడివి కాదు. కోటిలింగం చెయ్యి మంచిది, బోణీ వాడిదే అనేవాడివి. ఆ రోజు మాత్రం నా వైపు చూడలేదు. ఆ వ్యానుకి మొదటి బోణీ ఎవడు చేశాడో నాకు తెలుసు, వాడి చేత్తోనే నా కొట్టు మూతపడింది అని సాయిబాబు వైపు చూశావు. వాడు అప్పుడే వేట నుంచి వచ్చాడు, మేకు మీద నుంచి వాడి బెండు తీసి వాడి చేతిలో పెట్టావు. పాతికమందిమి ఉన్నాం. అందరం నేల చూశాం. వాడు దాన్ని మొలలో దోపుకుని వెళ్లిపోయాడు.

పడవలో దొరికినప్పుడు ఆ బెండు వాడి మొలతాడుకి కట్టి ఉంది. ఎందుకురా అని అడిగితే, ఎక్కడ తగిలించాలో తెలియక అన్నాడు.

బావా, సంతకం పెట్టకు. అందరూ నీ దగ్గరే కొంటారని మాట ఇవ్వలేను. తాతారావు కొంటానన్నాడు. రావమ్మ వారానికి రెండు రోజులైనా అరుగు మీదకి వస్తానంది. అరుగు నేను ఊడ్చి ఉంచాను. రేపు తాతారావు గుడివాడ వస్తున్నాడు, ఈ ఉత్తరం వాడి చేతికిస్తున్నాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బడి బల్ల మీద పక్కవాడు,
కోటిలింగం.

తా.క. పైన చోటు ఉంది. అయినా అక్కడ రాయలేకపోయాను. వ్యానుకి బోణీ చేసింది సాయిబాబు కాదు. నేను.

వ్యాను మొదటిసారి వచ్చిన ఆ మంగళవారం నువ్వు పెళ్లికి వెళ్లావు, కొట్టు మూసి ఉంది. వ్యాను వాడు నన్ను పెద్దాయనా అని పిలిచి వల నా చేతుల్లో పెట్టేశాడు. మీ చెయ్యి మంచిదంట కదండీ, మీరు బోణీ చేస్తే చాలండీ అన్నాడు. బోణీ అడిగినవాడికి వద్దని చెప్పడం నాకు చేతకాలేదు. నరసింహం మనిషే కొన్నాడు, ఇంక మనకేంటి అని వెనకున్నవాళ్లు ఎగబడ్డారు. సాయిబాబు పక్కనే నిలబడి అంతా చూశాడు. తర్వాత వాడి పడవలో కొత్త వల చూసి, బోణీ వాడిదే అని నువ్వు అనుకున్నావు. నువ్వు బెండు చేతిలో పెట్టిన రోజు కూడా నా పేరు చెప్పలేదు. వాడు తప్పిపోయాడని తెలిసిన ఆ రెండు రోజులూ నేనెలా ఉన్నానో రాఘవమ్మకి కూడా చెప్పలేదు.

ఆ వల నీళ్లలో వెయ్యలేదు. అటక మీద కట్ట కట్టినట్టే ఉంది.

కొట్టు తెరిస్తే బోణీకి నన్ను పిలవకు. సాయిబాబు చేత చేయించు. నేను వెనకాల నిలబడతాను.