ఉల్లిగడ్డల బండి మీద నా గొంతు

భూపాలపల్లి,
మంగళవారం

నా గొంతు నన్ను అడుగకుంట, నా ముంగటికే వచ్చి, నా చేతనే డీజిల్ పోయించుకొని పోయింది. తప్పు నీది.

నువ్వంటే తొర్రూరు ఉల్లిగడ్డల హరిలాల్. ఆటో వెనుక పెద్ద అక్షరాలతో నీ పేరు రాసి ఉంది. నడిపేటాయనను అడిగితె నీ బామ్మర్ది లక్ష్మణ్ అన్నడు. నేను ఇక్కడ పెట్రోల్ బంకుల పైపు పట్టే పని చేస్త. నిన్న పొద్దున ఆ ఆటో నా ఎదురుంగ ఆగింది. మైకు బంద్ చెయ్యలె. "అమ్మా, సంచి పట్టుకొని బయటికి రా. నీ ఇంటి ముంగటికే వచ్చిన. గట్టి ఉల్లిగడ్డ, ఎర్ర ఉల్లిగడ్డ" అని నా గొంతు నా చెవులనే అరుస్తుంటె, "జీరో చూస్కో" అనే రోజూ అనే మాట కూడ నాకు నోట్లకెళ్లి రాలె.

ఆ గొంతు శ్యాం అనే పేరు మీద తొర్రూరు మైక్ సెట్ దుకాణంల రికార్డు చేసింది. ఒక్క సీజన్‌కే అని ఒప్పుకున్నది. ఆ సీజన్ అయిపోయి ఏండ్లయింది. నువ్వు దాన్ని జిల్లాలు దాటిచ్చి తిప్పుతున్నవు. తీసెయ్. నీ బండిల తీసెయ్, నీ బామ్మర్ది బండిల తీసెయ్.

ఇట్లు,
శాంతి

తా.క.: బండి మీద నీ ఫోన్ నంబర్ చూసిన. చెయ్య. గట్టిగ మాట్లాడొద్దని డాక్టరమ్మ చెప్పింది. లేకుంటె ఈ ఉత్తరం ఖర్చు లేకుంట ఇక్కడ్నించే తొర్రూరుకు వినపడేటట్టు చెప్పేదాన్ని.

---

తొర్రూరు,
శనివారం

భూపాలపల్లి బంకుల పనిచేసే శాంతి చెల్లెకు ఉల్లిగడ్డల హరిలాల్ రాం రాం చెప్పి రాసేది. మేమంత మంచిగున్నం. వానకు రెండు బస్తాలు మురిగినయి, అది తప్ప ఏ ఫికర్ లేదు.

నీ ఉత్తరం మా ఇంటామెకు చదివి వినిపించిన. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అప్పుడు ఉల్లిగడ్డలు కోస్తుండె, అయినా అవి నీ కోసమే అని నేననుకున్న. మొగుని గొంతును "నా గొంతు" అని రాసుకునే ఆడిపిల్ల ఈ కాలంల ఎక్కడున్నది చెల్లె. శ్యాం నాకు యాదికున్నడు. బక్కగ, పొడుగ్గ ఉండె. మైకు ముంగట నిలబడితె కండ్లు మూసుకునేటోడు. అసొంటి పిలగాడు పెండ్లాన్ని ఇడిసిపెట్టి పోతడని నేను కలల గూడ అనుకోలె.

తీసెయ్యమంటె ఇప్పుడే తీసేస్త. కాని రేపు వాడు తిరిగొస్తె నీకే బాధ. కోపంల పెండ్లి ఫోటోలు చింపి, మల్ల అతికిచ్చుకున్నోళ్లను మస్తుమందిని చూసిన. జర ఓపిక పట్టు. వాణ్ణి దొరకపట్టే జిమ్మేదారి నాది.

నీ అసొంటి చెల్లెలు లేని
హరిలాల్ అన్న

తా.క.: గట్టిగ మాట్లాడొద్దని డాక్టరమ్మ చెప్పిందని రాసినవు. ఎన్నో నెల?

---

భూపాలపల్లి,
బుధవారం

నాకు మొగుడు లేడు. నెల లేదు. నా ఉత్తరం చదివినవా, దాంట్ల ఉల్లిగడ్డలు చుట్టినవా?

నేను పోయేది గొంతు డాక్టరమ్మ దగ్గరికి. జనగామల విమల మేడం అని, స్పీచ్ థెరపిస్టు. ఫోన్ల వీడియోలు చూసి నాకు నేనే గొంతు సన్నగ చేసుకోబోయి పాడుచేసుకున్న. ముక్కుల నుంచి సన్న పైపు ఏసి లోపల చూసిండ్రు, వాపు వచ్చిందన్నరు. ఆ తర్వాత మేడం ముంగట కూసున్న. ఊపిరి ఉన్నంతసేపు "ఆ" అనుమన్నది. అంకెలు చెప్పుమన్నది. పొద్దున లేచినకాడ్నించి ఏం చేసినవో చెప్పుమన్నది. నేను చెప్తుంటె కంప్యూటర్ల గీతలు లేస్తుండె, పడుతుండె. అంత అయినంక అడిగింది, "నీకు ఎవరితోటి మాట్లాడుడు కష్టమైతుంది?" అని. గిరాకితోటి అన్న. "ఇంకెవరితోటి?" ఎవ్వరు లేరు అన్న. "ఎవ్వరు లేరు" అని రాసుకున్నది. రాసుకుంటుంటె చూడాలనిపియ్యలె, గోడ మీద బొమ్మ చూసిన. గొంతు కోసి లోపల చూపిచ్చే బొమ్మ.

ఇప్పుడు రోజు గ్లాసు నీళ్లల్ల గొట్టం పెట్టి బుడగలు తియ్యాలె. పెదవులు మూసి "మ్మ్" అనాలె. అది నా పని. గొంతు తీసుడు నీ పని. శ్యాం ఎవరు, ఎక్కడ ఉన్నడు అన్నది నీకు సంబంధం లేని ముచ్చట. వెతుకుడు బంద్ పెట్టు.

కోపం తగ్గని,
శాంతి

తా.క.: బుడగలు తీస్తుంటె చూసి మా బంకు మేనేజర్ డ్యూటీల కూల్‌డ్రింక్ తాగుతున్ననని నా మీద లేచిండు. మేడం నాలుగు ముక్కలు రాసిచ్చింది. ఇప్పుడు ఆయన గూడ తీస్తున్నడు, గురక తగ్గుతదేమోనని.

---

తొర్రూరు,
సోమవారం

ఏడ్చి ఏడ్చి గొంతు వాచిపోయిన మా శాంతి చెల్లెకు రాం రాం. ఇక్కడ వాన తెరిపిచ్చింది.

మొగుడు లేడని నువ్వు రాసిన మాట మా ఇంటామెకు రెండుసార్లు చదివి వినిపించిన. ఇగ ఊకుండలేక నేను మైకుల నా సొంత మాట ఒకటి కలిపిన. "శ్యాం, నువ్వు ఏ ఊళ్లె ఉన్నా వెంటనే భూపాలపల్లికి పో. శాంతి గొంతు పోయింది. గట్టి ఉల్లిగడ్డ, ఎర్ర ఉల్లిగడ్డ" అని. తొర్రూరుల, ఘన్‌పూర్‌ల, జఫర్‌గఢ్‌ల, అన్ని ఊళ్లల్ల చెప్పిన. ఇప్పటిదాక ముగ్గురు శ్యాంలు వచ్చిండ్రు. ఒకాయన బాగ ముసలాయన. ఆ శ్యాంను నేను కాదు గని, నేను గూడ పోత అన్నడు. మీ అడ్రస్ ఇచ్చిన.

ఇంకో ముచ్చట. జఫర్‌గఢ్‌ల ఉప్పలమ్మ పెద్దమ్మ అని నాకు పాత గిరాకి. ఇంట్ల ఒక్కతే ఉంటది. బండి పోయిన ప్రతిసారి రెండు కిలోలు కొంటది. మైకు మొత్తం చెప్పుడు అయ్యేదాక సంచి మూతి తెరువదు. చెవుడేమో అని నేననుకుంటుంటి. మొన్న శ్యాం పేరు వినంగనే వచ్చి బండి రాడ్డు పట్టుకున్నది. "శాంతి ఎవరు?" అన్నది. వాని పెండ్లాం అని చెప్పిన. ఇంట్లకు పోయింది. మల్ల వచ్చి ఇంకో రెండు కిలోలు తీసుకున్నది.

ధైర్యం చెడకు.

వెతుకుతనే ఉన్న,
హరిలాల్ అన్న

తా.క.: మీ మేనేజర్‌కు గురక తగ్గిందా? మా ఇంటామె నా గురించి అడుగుతుంది.

---

భూపాలపల్లి,
గురువారం

పెండ్లాం అని చెప్పినవా. మా అమ్మకు.

ఉప్పలమ్మ మా అమ్మ. శ్యాం నేనే. నేను పుట్టంగనే కొడుకు అన్నరు, నేను బిడ్డను, ఆడిపిల్లను. పేరు శాంతి అని పెట్టుకున్న. ఇంతకన్న విడమర్చి చెప్పుడు నాకు రాదు. దవాఖాన మందులతోటి మనిషి కొంత మారుతది గని, ఒక్కసారి ముదిరిన గొంతు మందులకు మారదు. కూసొని నేర్చుకోవాలె, నడక నేర్చుకున్నట్టు. అందుకే మేడం. అందుకే బుడగలు.

మూడేండ్ల కింద అమ్మకు అంత చెప్పిన. విని అన్నం పెట్టింది. తిట్టినా బాగుండు. తెల్లారి మొదటి బస్సు ఎక్కిన. ఆ తర్వాత ఏడాదికి, ఫోన్ల చూసి నేర్చుకున్న సన్న గొంతుతోటి ఆమెకు ఫోన్ చేసిన. "అమ్మా, నేను" అన్న. "రాంగ్ నంబర్" అని పెట్టేసింది. మల్ల చెయ్యలె. మేడంకు "ఎవ్వరు లేరు" అని అందుకే చెప్పిన.

జనగామ పోయే బస్సు ఘన్‌పూర్‌ల ఆగుతది. "జఫర్‌గఢ్ పోయేటోళ్లు దిగుండ్రి" అని కండక్టర్ ఒర్లుతడు. నేను కిటికి దిక్కు తిరిగి కూసుంట. బస్సు కదిలేదాక అట్లనే.

ఇంకోటి విను. మా అమ్మ ఉల్లిగడ్డ తినదు. ఆమెకు కడుపుల మంట. పోపుకు గూడ ఎయ్యదు. మరి రెండు కిలోలు ఎందుకు కొంటది అని నీ ఉత్తరం చదువుకుంట అనుకున్న, ఇది రాస్తుంటె అర్థమైంది. ఆమెకు కొడుకు గొంతు కావాలె. బిడ్డ గొంతు రాంగ్ నంబర్.

ఫోన్ల నన్ను అందరు అన్న అంటరు, సార్ అంటరు. గ్యాస్ బుక్ చేసినా సారే. కాయితం మీద ఎవ్వరు అనరు. నువ్వు మొదటి ఉత్తరంలనే చెల్లె అన్నవు, అందుకే ఇన్ని తిక్క పనులు చేసినా నీకు ఇంక రాస్తున్న. కాని ఆ గొంతు తీసెయ్. ఇవ్వాళ్నే. ఆమె గూడ వినొద్దు.

శాంతి

తా.క.: నువ్వు అడ్రస్ ఇచ్చిన ముసలి శ్యాం నిన్న నిజంగనే వచ్చిండు. చాయ్ తాగిపిచ్చి బస్సు ఎక్కిచ్చిన. మంచోడే. పోయేటప్పుడు నా గొంతు మంచిగనే ఉన్నదని చెప్పిండు. ఆయనకు చెవుడు.

---

తొర్రూరు,
ఆదివారం

శాంతి చెల్లెకు రాం రాం. ఈసారి వానల ముచ్చట రాసే మొఖం లేదు.

నీ ఉత్తరం ఇంటామె చదివి నాకు వినిపించింది. "మొదటి ఉత్తరంలనే నా గొంతు అని సాఫ్‌గ రాసింది గదా, మొగుణ్ణి నువ్వే పుట్టిచ్చినవు" అని తిట్టింది. నాకు అన్ని సమజ్ కాలె చెల్లె, అబద్ధం ఎందుకు. అన్న అంటె నీకు నొస్తదని మాత్రం సమజైంది. ఆ ఒక్కటి తెలిస్తె చాలు, మిగిలింది మెల్లగ తెలుస్తది అన్నది ఇంటామె.

గొంతు తీసేసిన. లక్ష్మణ్ బండిల గూడ తీపిచ్చిన. మైకు పట్టుకొని నేనే అరుచుకుంట పోయిన. జఫర్‌గఢ్ చేరేసరికి నా గొంతు పెంక మీద గరిటె గీకినట్టయింది. పెద్దమ్మ వచ్చి బండికి అడ్డం నిలబడ్డది. "గొంతేది?" అన్నది. "తీసేసిన, మీ బిడ్డ తీసెయ్యమన్నది" అన్న. నోరు జారిన, మాఫ్ చెయ్యి. కాని బిడ్డ అన్న మాటకు ఆమె ఉలికిపడలె. అరుగు మీద కూసున్నది.

"అది పోయినకాడ్నించి ఒక్క ఫోన్ చెయ్యలె" అన్నది.

"చేసింది పెద్దమ్మా. మీరు రాంగ్ నంబర్ అన్నరట."

"రోజు ఎవరో ఒక సన్న గొంతు పిల్ల ఫోన్ చేస్తది. అమ్మా నేను అని మొదలువెడతది, లోన్ కావాల్నా అంటది. అందరికి రాంగ్ నంబర్ అని పెట్టేస్త. వాళ్లల్ల నాది ఎవరో నాకెట్ల ఎరుక?" అన్నది. మల్ల అడిగింది, "ఇప్పుడు దాని గొంతు ఎట్లుంటది?" అని. "నేను వినలె పెద్దమ్మా" అన్న. "నేను గూడ వినలె" అన్నది. "కొత్తది తెలిసేదాక పాతదన్న ఉండనియ్యరాదు?"

దీనికి జవాబు నువ్వే చెప్పు.

తప్పు చేసిన,
హరిలాల్ అన్న

తా.క.: అరుగు కింద ఉల్లిగడ్డల కుప్ప చూసిన. సగం మొలకలొచ్చినయి. నా సరుకు నాకే అమ్మజూసింది. రెండు కిలోలు కొన్న.

---

భూపాలపల్లి,
శుక్రవారం

హరిలాల్ అన్నకు,

అమ్మ మీద ఇన్నేండ్లు జమ చేసుకున్న కోపాన్ని ఒక్క ఉత్తరంతోటి దేనికీ పనికిరాకుంట చేసినవు. ఇది నీ రెండో తప్పు. ఇప్పుడు నేను ఎవరి మీద కోపం చెయ్యాలె?

జనగామ పోయి మేడంకు అంత చెప్పిన. ఆమె నా మొదటి దినం రికార్డు తీసి వినిపిచ్చింది. అమ్మకు ఫోన్ చేసిన గొంతు అదే, పిసికి పిసికి సన్నగ చేసింది. విన్న. నాకే లోన్ వద్దనిపిచ్చింది. నేనైనా పెట్టేద్దును.

మేడం మల్ల అడిగింది, "ఎవరితోటి మాట్లాడాలె?" అని. అమ్మతోటి అన్న. "ఎవ్వరు లేరు" అన్నదాన్ని కొట్టేసి, పక్కకు "అమ్మ" అని రాసుకున్నది. "సన్నగ చెయ్యాలని చూడకు. మాట పెదవుల కాడ మోగాలె. వినపడేటట్టు చేసుడు మైకు పని, నీ పని కాదు" అన్నది.

ఈ కవర్ల మైకుల పెట్టే చిన్న మెమరీ కార్డు పెట్టిన. ఇక్కడి మైక్ సెట్ దుకాణంల చెప్పిన, పాత మాటలే, ఒక్కటి గూడ మార్చలె. మధ్యల ఒక్కకాడ గొంతు పాత దిక్కు జారింది. దుకాణపాయన మల్ల చెప్పుమన్నడు. వద్దన్న. అది గూడ నాదే.

పాత కార్డు పారెయ్యకు. అమ్మ అడిగితె ఆమె చేతుల పెట్టు, అది ఆమెది. బండిల మాత్రం ఇది పెట్టు. ముందుగాల ఏం చెప్పకు, నీకు నోరు జారుతది. ఆమె ఇంటి ముంగట ఆపు, మైకు పెట్టు, ఊకె నిలబడు. బయటికి వస్తదా. సంచి తెస్తదా. చివరిదాక వింటదా. వినకుంట లోపలికి పోతె అది గూడ ఉన్నదున్నట్టు రాయి, నా కోసం ఏం కలపకు.

నీ చెల్లె,
శాంతి

తా.క.: కింద నా ఫోన్ నంబర్ రాసిన. ఎత్తుత. "అన్నా" అని మొదలువెడితె రాంగ్ నంబర్ అంట. జవాబుకు గడువు వచ్చే శనివారం పొద్దున. ఆ దినం నేను మేడం దగ్గరికి బస్సు ఎక్కేది ఉంది. అప్పటిదాక నీకాడ్నించి ఏ కబురు రాకపోతె, ఘన్‌పూర్‌ల నేనే దిగుత.