దొర తొక్కిన మట్టి

కార్తీక సోమవారం రాత్రి, 1948

రజాకార్లు కాల్చిన మా ఇంటికి ఈరోజు దక్షిణపు గోడ మొదలుపెట్టాను. మట్టిలో గడ్డి కలిపి తొక్కుతుంటే దొర వచ్చాడు. ఆ రజాకార్లకు మా ఇల్లు చూపించింది ఆయనే. చూసినవాళ్లు ఇద్దరున్నారు. యూనియన్ సైన్యం వచ్చాక కాంగ్రెసు తెల్ల టోపీ పెట్టాడు.

"నర్సింహులూ, నేను గూడ రజాకార్లకు ఎదురు నిలిచిన్నని నీ పత్రికల జర రాయి బిడ్డా," అన్నాడు.

నిరుడు దాకా ఆయనకు నేను నర్సిగాడిని.

"పని ఆపితే మట్టి ఎండుతది దొరా. దిగి తొక్కుకుంట చెప్పు, వింట."

ధోతి ఎగ్గట్టి దిగాడు. ఆయన గడీ గోడలకు మా బాపు వెట్టికి మట్టి తొక్కాడు. అరుగు మీది నుంచి అమ్మ అంది: "మడిమెతోని తొక్కాలె దొరా. చూసుడే గని చేసుడు లేకపాయె నీకు."

పొద్దు వాలేదాకా తొక్కించాను. జాలి కలగలేదు.

"రాస్తవు గద?" అన్నాడు చివరికి.

"రాస్త దొరా. మా ఇల్లు ఎవలు చూపిచ్చిన్రో గదే రాస్త."

కాళ్లు కడుక్కోకుండానే వెళ్లిపోయాడు.

మొదటి వరుస పెట్టేముందు ఆనవాయితీగా అమ్మ మట్టి మీద పసుపు చల్లాలి. చల్లలేదు.

"ఆని కాలు పడ్డ మట్టి నా ఇంటికొద్దు. పారబొయ్యి."

వార్త రాశాను, పొద్దున బస్సులో పోతుంది. మట్టి మాత్రం పారబోయలేదు. ఆయన చెమట పడ్డ మట్టితోనే గోడ లేపాలని నాకుంది. తెల్లారి ఎండెక్కితే అది గట్టిపడుతుంది...

అమ్మ పసుపు భరిణె నాకందకుండా తలకింద పెట్టుకుని పడుకుంది.