ఇంటూ గుర్తులు

టీచర్ గారికి నమస్కారం.

మా అమ్మాయిని క్లాసు లీడరు పని నుంచి తీసేయమని అడగడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. కోపంతో కాదండీ. మీరు లేనప్పుడు అల్లరి చేసేవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే పని దానికిచ్చారని మేమూ మురిసిపోయాం.

చిక్కల్లా, అది ఆ పని ఇంటికి కూడా తెచ్చుకుంది. వంటింటి తలుపు మీద సుద్దముక్కతో 'మాట్లాడినవాళ్ళు' అని పెట్టి, కింద 'అమ్మ', 'నాన్న' అని రాసింది. మేం గొంతు పెంచినప్పుడల్లా పేరు పక్కన ఒక ఇంటూ పెట్టేది. మొదట్లో ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నవ్వడం మానేశాం గానీ అరుచుకోవడం మానలేదు.

పోయిన వారం వాళ్ళ నాన్న బట్టలు సర్దుకుని వెళ్ళిపోయారు. ఎందుకన్నది రాయలేను, ఏమీ అనుకోకండి. అది ఏడవలేదు. తలుపు దగ్గరికెళ్ళి ఇంటూలు లెక్కపెట్టుకుంది. మీ క్లాసులో ఇంటూలు ఎక్కువైనవాళ్ళని బయట నిలబెడతారటగా. నాన్నని తనే బయటికి పంపేశాననుకుంటోంది. తుడిచేద్దామని నేను గుడ్డ తీస్తే చెయ్యి పట్టుకుని, "లీడరు రాసింది టీచరే తుడవాలమ్మా" అంది.

దాని తప్పేమీ లేదని మీ నోటితో ఒక్క మాట చెప్పండి. నేను చెబితే నమ్మడం లేదు. నా పేరు కూడా ఆ తలుపు మీదే ఉందిగా.

"బెల్లు కొట్టేలోపు బయటవాళ్ళని టీచర్ లోపలికి పిలిచేస్తారు కదమ్మా?" అని రోజూ అడుగుతోంది. పిలుస్తారనే అన్నాను. నేను చెప్పింది మీ క్లాసు గురించి.

ఇట్లు,
మీ లీడరు వాళ్ళమ్మ