వంటగది రిపేరు వడ్డీ

జులై 8, 2024

ఇది చదువుతున్న నువ్వు పన్ను దొంగవి. అద్దె రసీదు మీద మీ మామ సంతకం నువ్వే గీకావు. బుకాయించకు. మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో అందరూ చేసేదే. నేను చెయ్యను. నిరుడు వంటగదికి చెమ్మ ఎక్కితే లోను తీసుకుని కూల్చి కట్టించాం. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో ఆ లోను వడ్డీకి తగ్గింపు ఉంది. న్యాయంగా అడుగుతాను.

జగిత్యాలలో రిటర్నులు వేసే ప్రేమ్‌సాగర్, పని చేసినట్టు మేస్త్రీతో లెటర్ రాయించుకు రమ్మన్నాడు. "చెమ్మ సంగతి సుత రాపియ్యున్రి సార్, కాయితం గట్టిగుంటది" అన్నాడు.

జులై 11

గొల్లపల్లి మేస్త్రీ ఆగయ్య ఫోన్ ఎత్తడు.

జులై 13

ఎత్తాడు. "లెటర్ ఎందుకు సారూ, పని మంచిగనే అయింది గదా" అని పెట్టేశాడు. ఏదో ఉంది. సిమెంటు మింగాడా? అప్పుడు నేను స్టెంటు పడి ఆస్పత్రిలో ఉన్నాను. పనంతా చూసుకున్నది నా భార్య వసంత. ఆగయ్య పేరెత్తగానే ఆమె మిక్సీ ఆన్ చేసింది. ఖాళీ జారుతో.

జులై 15

ఆదివారం సిరిసిల్ల హేతువాదుల సభలో వాస్తు మోసం మీద నా ప్రసంగం. ఒక్క పాయింటూ రావడం లేదు. ఇంట్లో మోసం పెట్టుకుని బయట ఎవడిని కడగాలి?

జులై 17, మధ్యాహ్నం

పీర్ల పండుగ సెలవు. కోరుట్ల నుంచి బండి మీద గొల్లపల్లి పోయాను. సిమెంటు తిన్నావా అని మొహం మీదే అడిగాను. ఆగయ్యకు మండింది.

"నన్ను దొంగంటవా సారూ? మీ గోడకు ఏడ చెమ్మ? సుక్క నీళ్ళు లెవ్వు. మీరు దవాఖానల పడ్డంక అమ్మ అచ్చి ఏడ్సింది. పొయ్యి ఈశాన్యంల ఉంటేనే సారుకు గుండె పట్టుకున్నది, ఆగ్నేయానికి జరుపు, సారుకు చెమ్మని చెప్పు అన్నది. లేని చెమ్మ రాసి దస్కతు పెట్టుమంటె నేను పెట్ట. ఉన్నది రాస్తె మీ ఇజ్జత్ పోతది."

నాకు దిక్కులు తెలియవు. తెలుసుకోనని పంతం పట్టినవాడిని. ఏడాదిగా ఆగ్నేయంలో వండిన అన్నమే తింటున్నాను.

సాయంత్రం

నిలదీశాను. ఇరవై ఏళ్లుగా వాస్తుకు వ్యతిరేకంగా రాసిన వ్యాసాలన్నీ ఏం కావాలని అరిచాను. వసంత అరవలేదు.

"మంచంల పండుకోని సుత వాదిస్తనే ఉంటిరి. నా భయం ఎవలకు చెప్పుకోవాలె? పొయ్యి జరిపినంక నిమ్మలమైంది. స్టెంటు పని చేసిందో, పొయ్యి పని చేసిందో, బతికిన్రు గదా!"

స్టెంటే అన్నాను.

"అగో, మళ్ల షురూ" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

జులై 18

ప్రేమ్‌సాగర్‌కు నిజం చెప్పాను. పగలబడి నవ్వాడు. "వంటగది కూలగొట్టి కట్టిన్రా, లేదా? గంతే సార్. ఎందుకని చట్టం అడగది. మీరే అడుగుతరు!"

జులై 20

వసంతకు నా డిమాండ్లు:

లెటర్‌లో చెమ్మ ఉండకూడదు. కూల్చాం, కట్టాం, అంతే.

ఆగయ్యకు క్షమాపణ చెప్పడానికి నాతో నువ్వూ రావాలి.

రేపు సభలో ముందు వరుసలో కూర్చోవాలి. ఒప్పుకోకపోతే లేచి చెప్పాలి.

భయమైతే మేస్త్రీకి కాదు, నాకు చెప్పాలి. వాదించను.

పొయ్యి ఉన్నచోటే ఉండాలి.