సెలవుల్లో సేవ

మే 2, శనివారం

నేను షికారుకి వెళ్తున్నానని ఇంట్లో అందరూ తీర్మానించేశారు. అమ్మ ఫోన్లో మేనత్తతో అంటోంది, దాని అరికాల్లో చక్రం ఉంది వదినా, ఉన్నచోట కాలు నిలవదు, ఇప్పుడు విమానం కూడా దొరికింది, ఇక దాన్ని పట్టుకునేదెవరు అని. నేను పక్క గదిలోనే బట్టలు సర్దుకుంటున్నాను. తలుపు తీసే ఉంది.

బావ సెంటు సీసా తెమ్మన్నాడు. అక్కయితే రెండు చేతులూ జోడించి, ఈ ఉద్యోగమైనా ఏడాది నిండనివ్వవే తల్లీ అంది. రెండు ఉద్యోగాలు మానేసిన మాట నిజమే. ఎందుకు మానేశావని మాత్రం ఇంతవరకు ఒక్కళ్ళూ అడగలేదు. నిలకడ లేని పిల్ల అని ఒకసారి పేరు పడ్డాక ఇక కారణాలతో పనేముంది!

వెళ్ళేది పనిమీద. మా స్కూల్లో నేను సోషల్ టీచర్ని. తొమ్మిదో తరగతి పిల్లల్ని పరాయి దేశం తీసుకెళ్ళి, అక్కడొక చిన్న బడిలో సేవ చేయించాలి. తలా నలభై గంటలు. చివర్లో సర్టిఫికెట్. దాని మీద సంతకం నాది. ఆ కాగితం రేపు పెద్ద కాలేజీల్లో సీటుకి అక్కరకొస్తుందట. ట్రిప్పు సజావుగా జరిగితే నన్ను పర్మనెంట్ చేస్తానని ప్రిన్సిపల్ మేడమ్ మాట ఇచ్చింది.

మే 4, సోమవారం

చేరాం. ఒక పిల్ల సూట్‌కేసులో ఇస్త్రీపెట్టె తెచ్చుకుంది. సేవకి.

మే 5, మంగళవారం

రేకుల కప్పు, రెండు గదులు, పొడుగాటి వరండా. బడి పిల్లలు యూనిఫారాల్లో, చేతుల్లో కాగితం పువ్వులతో గేటు దగ్గరే నిలబడ్డారు. స్వాగతం పాట ఒక్క గొంతులా పాడారు. అంత నున్నగా పాడితే నాకెందుకో అనుమానం వస్తుంది.

వరండా గోడ వెంట కొత్త బెంచీలు, ప్లాస్టిక్ చుట్టి ఉన్నవి ఉన్నట్టే. మా స్కూలు పంపిన కానుక. ఆఖరి రోజున రిబ్బను కత్తిరించి అప్పగించాలి. అందాకా పిల్లలు నేల మీద, బెంచీల పక్కనే.

మా లీడరమ్మ మొదటి పాఠం చెప్పింది. క్లాస్ లీడర్, అన్నిట్లో ఫస్టు, నవ్వినా కొలత ప్రకారం నవ్వుతుంది. ముక్కు పట్టుకుని ఇంగ్లీషులో ముక్కు అంది, చెవి పట్టుకుని చెవి అంది. పిల్లలు తిరిగి అన్నారు. ముందు పళ్ళు ఊడిన ఒక చిన్నది, లీడరమ్మ చెయ్యి మోచేతి దాకా రాకముందే ఎల్బో అనేసింది. పక్కపిల్ల దాని తొడ గిల్లింది. చిన్నది నోరు మూసుకుని, కాసేపాగి, అందరితోపాటు మళ్ళీ మొదటిసారి విన్నట్టు ఎల్బో అంది.

ఫొటోలు బాగా వచ్చాయని పీఈటీ సార్ తెగ సంబరపడ్డాడు. నాతోపాటు వచ్చిన పెద్దదిక్కు ఆయన. నా మొహం చూసి, వచ్చామా, ఫొటో దిగామా, పోయామా అన్నట్టుండాలమ్మా, తవ్వుకుంటూ కూచుంటే పాములొస్తాయి అన్నాడు.

మే 6, బుధవారం

పామే వచ్చింది.

పళ్ళూడినమ్మ పాఠం మధ్యలో గోడకి ఆనుకుని నిద్రపోయింది. లేపి, వరండాలోకి తీసుకెళ్ళి మొహం కడిగించాను. దానికొచ్చిన ఇంగ్లీషు, నాకొచ్చిన సైగలు కలిపితే తేలింది ఇది. బడికి ఇప్పుడు సెలవులు. దాని అన్న అమ్మమ్మగారింటికి వెళ్ళిపోయాడు. అక్కడ మేకపిల్లలు పుట్టాయి. ఇది వెళ్ళకూడదు, ఎందుకంటే మేం వస్తున్నాం. పోయిన వారం నుంచి పొద్దున్నా సాయంత్రమూ రిహార్సల్స్. పాట, పువ్వులు, ముక్కు, చెవి, మోచెయ్యి. రానివాళ్ళకి బెంచీ మీద చోటుండదని చెప్పారు.

మా పిల్లల సెలవుల్లో మా పిల్లలు సేవ చేసుకోవడానికి వీళ్ళ సెలవులు లాక్కున్నాం.

మే 6, సాయంత్రం

హెడ్మాస్టరు దాచలేదు. మర్యాదస్తుడు. మీరిచ్చిన తేదీలకి మాకు సెలవులని మొదటే రాశానమ్మా అన్నాడు. పిల్లలు లేకుండా కుదరదని మీ మేడమ్ జవాబిచ్చారు, బెంచీల కోసం ఒప్పుకున్నాను, మీరు నా కుర్చీలో ఉంటే ఏం చేసేవారో చెప్పండి అన్నాడు. నేల మీద కూర్చుని చదువుకున్న బాపతు కాదు నాది.

మేడమ్‌కి ఫోన్ చేశాను. ఓస్, ఇంతేనా అంది. సేవ చేయించుకునేవాళ్ళు లేకుండా సేవ ఎలా చేస్తామమ్మా అంది. వాళ్ళకి నాలుగు ఇంగ్లీషు ముక్కలొస్తే నీ సొమ్మేం పోయింది, నువ్వు పర్మనెంట్ సంగతి చూసుకో అంది.

చూసుకుంటాను.

మే 7, గురువారం

పొద్దున్నే హెడ్మాస్టరుకి చెప్పాను, పిల్లల్ని ఇళ్ళకి పంపెయ్యండని. ఆయన పిల్లల వైపు చూడలేదు. బెంచీల వైపు చూశాడు. ప్రోగ్రాం ఆపితే మీవాళ్ళు అవి తీసుకుపోతే అన్నాడు.

కత్తెర ఆఖరి రోజు రిబ్బనుతోపాటే పెట్టెలో ఉంది. దానికోసం వెతికే ఓపిక లేక గోళ్ళతోనే ప్లాస్టిక్ చీల్చాను. మొదటిది మొండికేసింది. రెండోదానికి పళ్ళూడినమ్మ వచ్చి ఒక కొస పట్టుకుంది. మూడోదానికి చుట్టూ మూగారు. ప్రతి బెంచీ వెనకా మా స్కూలు పేరు ఎర్రగా, బారెడు. ఇంత పేరు రాసుకున్నదాన్ని తిరిగి తీసుకెళ్ళి ఎవరికి అంటగడతారు సార్ అన్నాను. ఆయన నవ్వాడు. వెళ్ళి గంట కొట్టాడు, ఇంటి గంట.

పిల్లలు వెంటనే పోలేదు. ముందు బెంచీలెక్కి కూర్చున్నారు, ఇరుక్కుని, తోసుకుని. కాళ్ళు ఊపి చూసుకున్నారు. అప్పుడు పరిగెత్తారు. కాగితం పువ్వులు వరండా నిండా.

పీఈటీ సార్ తల పట్టుకుని, నలుగురితో నారాయణ అంటే నీ సొమ్మేం పోయేదమ్మా అన్నాడు. అందరికీ నా సొమ్ము మీదే బెంగ.

మే 8, శుక్రవారం

బడి ఖాళీ. మావాళ్ళకి ఏం చెయ్యాలో తోచలేదు. ఒకడు గోడకి రంగేద్దాం మేడమ్ అన్నాడు. గోడకేం జబ్బురా అన్నాను.

మే 9, శనివారం

లీడరమ్మ వచ్చింది. సర్టిఫికెట్ రాదని ఏడ్చి, మొహం కడుక్కుని మరీ వచ్చింది. సెలవులని మాకు తెలీదు, తేదీలు మేం పెట్టలేదు, మరి మీ నిజాయితీ ఖర్చు మేమెందుకు కట్టాలి మేడమ్ అంది. అదీ అడగడమంటే! చెయ్యని నలభై గంటలు చేశారని రాయను అన్నాను. మీకేం, మీరు ఇంకో ఉద్యోగం చూసుకుంటారు అని తలుపు గట్టిగా వేసుకుని వెళ్ళింది. మొదటిసారి ఆ పిల్ల నాకు నచ్చింది.

మధ్యాహ్నం మేడమ్ ఫోన్. ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ నలభై గంటలూ రాసి సంతకం పెట్టు, లేదంటే ఇక స్కూలుకి రానక్కర్లేదు అంది. వెనకాలే అమ్మ ఫోన్. ఇంటిదాకా ఎలా పాకిందో! మళ్ళీనా అంది. ఒక్క మాటే. పక్కనుంచి నాన్న గొంతు, ఈసారైనా కారణం అడగవే అంటోంది. అమ్మ అడగలేదు. చెప్పాను. అంతా విని, తిన్నావా అని అడిగి పెట్టేసింది.

ఒక సంతకానికి బరువెంతుంటుందమ్మా అని పీఈటీ సార్ తన పెన్ను నా ముందు పెట్టాడు.

మే 10, ఆదివారం

పెన్ను తీసుకున్నాను. ఖాళీ సర్టిఫికెట్లు కట్టకి కట్ట ఉన్నాయి. ప్రెస్సువాడు దండిగా కొట్టిచ్చాడు. హెడ్మాస్టరుని పక్కన కూర్చోబెట్టుకుని పిల్లల పేర్లు ఒక్కొక్కటీ చెప్పించుకున్నాను. ఆయన పిల్లలవి. స్పెల్లింగ్ తప్పు పోకుండా రాశాను. రిహార్సల్స్‌తో కలిపితే వాళ్ళు వచ్చినవి నలభై గంటలు దాటాయి. సెలవులు మానుకుని, వచ్చిన పాఠం రానట్టు మళ్ళీ నేర్చుకుని, మా పిల్లల్ని టీచర్లని చేశారు. సేవంటే అదే.

అన్నిటి మీదా సంతకం పెట్టాను. పళ్ళూడినమ్మది ఆఖరున రాశాను. అది అప్పటికే అమ్మమ్మగారింట్లో ఉంది.

ఈ కాగితం వీళ్ళకి నిజంగా పనికొస్తుందా అని హెడ్మాస్టరు అడిగాడు. మావాళ్ళకి పనికొచ్చేదైతే వీళ్ళకీ రావాలి కదా సార్ అన్నాను.

మే 11, సోమవారం

మేడమ్ ఎయిర్‌పోర్టుకే వచ్చింది. సర్టిఫికెట్లేవీ అంది. ఇచ్చేశాను అన్నాను. ఎవరికి అంది. చేసినవాళ్ళకి.

ఉద్యోగం పోయింది. మా పిల్లలకి సంతకం పెట్టలేదు. పెట్టను.