టీబీ ల్యాబులో మొదటి రోజు

నాయనా,

నువ్వు పోయి నేటికి పదిహేనేళ్లు. నిన్ను తీసుకుపోయిన టీబీ క్రిములను పరీక్షించే ల్యాబులో ఈరోజే పనిలో చేరాను. తోటివాళ్లంతా ఎమ్మెస్సీలు చదివి వచ్చారు. నేను ఇక్కడే బెంగళూరులో, పక్క ల్యాబులో గాజుసామాను కడుగుతూ, దూరవిద్యలో డిగ్రీ చేసి టెక్నీషియన్నయ్యాను.

మాస్కు తొడుక్కుంటుంటే నీ దగ్గు వినిపించినట్టయింది. పట్టీ సగం బిగించి ఆగిపోయాను.

"భయంగా ఉండాదామ్మా? వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు, ఎవరూ ఏమీ అనరు," అంది సీనియర్ సరళక్క.

"భయంగానే ఉండాదక్కా. మా నాయన దీంతోనే పోయినాడు."

ఆమె నా మాస్కు అంచులు మరోసారి నొక్కి చూసింది. ఇద్దరం కలిసి లోపలికి వెళ్లాం.

సాయంత్రం ఇంటికి రాగానే నా పాప చేతులు చాచింది. స్నానం చేసొచ్చినా ముద్దు పెట్టుకోలేకపోయాను. ఆ చివరి ఏడాదంతా నన్ను దగ్గరికి రానివ్వకుండా నువ్వెలా ఉన్నావు నాయనా?